శనివారం ఉపవాసముండే తోడేలు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి నంద్యాలలో నా దగ్గర సోషల్ చదువుకున్న పిల్లలందరికీ తెలుసు, మా ఆవిడకు వాళ్లకంటే బాగా తెలుసు. అందుకే మా చెల్లెలు ఆట మొదలుపెట్టిన రోజే నాకొక షరతు పెట్టింది. పాచిక బల్ల మీద వేయాలట, మనిషి మీద వేయకూడదట.

ఆట అంటే పెద్ద సరంజామా ఏమీ లేదు. ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసి, భోజనాలయ్యాక, మా ఇంటి ముందుగదిలో నలుగురం కూర్చునేవాళ్లం. బల్ల మీద గళ్ల కాగితం, పెన్సిళ్లు, ఇరవై ముఖాల పాచిక ఒకటి. చెల్లెలు కథ చెప్పేది. మీరిప్పుడు ఒక గుహ ముందర ఉన్నారు, లోపల ఏదో గురక వినిపిస్తోంది, ఏం చేస్తారు అనేది. మేం ముగ్గురం ముగ్గురు మనుషులను కల్పించుకుని, మా మనిషి ఏం చేస్తాడో చెప్పేవాళ్లం. ఆ పని జరిగిందా లేదా అన్నది పాచిక తేల్చేది. పిల్లలు ఆడుకునే ఆటను నలభై ఏళ్ల వాళ్లు కూర్చుని ఆడుతున్నారని వీధిలో నవ్వారు. నవ్వనీ. వాళ్లు ఆదివారం మధ్యాహ్నం చేసే ఘనకార్యం ఏమిటో నాకు తెలియదా?

నా పాత్ర కత్తి పట్టిన వీరుడు. మా ఆవిడది గోడలెక్కే దొంగ. మూడో ఆటగాడు నా స్నేహితుడు, ఒకటో తరగతి నుంచి నా పక్కన కూర్చున్నవాడు. వాడి పాత్ర బందిపోటు.

ఈ మూడోవాడి గురించి కొంచెం చెప్పాలి. వాళ్లది తాతల నాటి కిరాణా అంగడి. వాళ్ల నాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, వీడు తూకం వేస్తాడు. ఎవరైనా కందిపప్పు బాగాలేదంటే, ఆ పంట తనే పండించినట్టు తల వంచుకుంటాడు. అంత మెత్తటి మనిషి. అలాంటివాడు ఆటలో అడవిలో బండ్లు ఆపి దోచుకునేవాడు. దోచుకునేటప్పుడు కూడా "ఏమనుకోవద్దప్పా" అని చెప్పి మరీ దోచేవాడు. చెల్లెలు నవ్వు ఆపుకోలేక కథ ఆపేసేది.

కొన్నాళ్లకు చెల్లెలు ఒక కొత్త ముచ్చట తెచ్చింది. ఒక్కో పాత్రకు ఒక తోడు జంతువు ఉండాలి. ఊరికే ఏదో ఒకటి కాదు, మీ మనిషి స్వభావం మూడు ముక్కల్లో రాయండి, దానికి తగిన జంతువును మీరే ఎంచుకోండి అంది.

నేను అర నిమిషంలో ఎంచుకున్నాను. పులి.

"నీ వీరునికి పులెందుకు? వాడే ఒక పులి. ఒక కొంపలో రెండు పులులుంటే వంట ఎవరు చేస్తారు?" అంది మా ఆవిడ. ఆమె రెండు నిమిషాల్లో కాకిని ఎంచుకుంది. దొంగకు కాకి బాగానే కుదిరింది, కాదనను.

చెల్లెలు వాదన వేరు. "అన్నా, మనిషిలో లేనిది జంతువులో ఉండాల. నీవోనికి ఓర్పు లేదు. తాబేలు తీసుకో."

"తాబేలా? నేను పోయేది యుద్ధానికా, నీళ్లకా?"

"యాడికి పోయినా నువ్వు ముందే పోయి తన్నులు తింటాండావు గదా. అదుంటే కొంచెం నిదానంగా పోతావు."

నేను ఒప్పుకోలేదు. మనిషికీ జంతువుకూ పోలిక ఉండాలి, లేకపోతే ఇద్దరూ ఒకచోట ఎలా బతుకుతారు అన్నాను. మా ఆవిడ నన్నూ తననూ మార్చి మార్చి చూసి, మనం బతకడంలా అంది. దానికి నేను గొంతు పెంచాను. పులి నాకే ఉండిపోయింది.

నా స్నేహితుడు మాత్రం రెండు వారాలు తీసుకున్నాడు. అంగట్లో బేరం లేనప్పుడు చీటీల వెనక రాసుకునేవాడు. నేను స్కూల్లో ఉండగా ఫోన్లు చేసేవాడు. ఒక రోజు ఏనుగు అన్నాడు, మరుసటి రోజు "ఏనుగొద్దురా, దానికి మేత యాడ తెచ్చేది" అన్నాడు. ఒక రోజు చిలుక అన్నాడు, సాయంత్రానికి "మా ఇంట్లో చెప్పేవాళ్లు శానామంది ఉండారు, ఇంగ చిలకొకటా" అన్నాడు. నేను విసుక్కున్నాను. పెళ్లిసంబంధానికి కూడా ఇంత ఆలోచించి ఉండవు గదరా అన్నాను. నిజంగానే ఆలోచించలేదు, దానికి వాడినెవరూ అడగలేదు. అది నాకు అప్పుడు తట్టలేదు.

మూడో ఆదివారం వచ్చి, శుభలేఖ ఇస్తున్నట్టు రెండు చేతులతో కాగితం మా చెల్లెలి ముందు పెట్టాడు. తోడేలు. వాడి ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగును నేను సరిగ్గా చూసి ఉండాల్సింది. హమ్మయ్య, ఇక ఆట మొదలవుతుంది అనుకుని పాచిక కోసం చెయ్యి చాపాను.

వచ్చిన చిక్కల్లా తోడేలు తిండితో వచ్చింది. వాళ్ల ఇంట్లో గుడ్డు కూడా పొయ్యి ఎక్కదు. "నీ తోడేలు ఈ రోజు ఏం తినింది?" అని చెల్లెలు అడిగితే, మేకను తినింది అనడానికి వాడికి నోరు రాలేదు. చాలాసేపు పెన్సిలు తిప్పి తిప్పి, "పెరుగన్నం" అన్నాడు.

"తోడేలు పెరుగన్నం తింటాదా?"

"చిన్నప్పట్నుంచి అలవాటు చేసినా."

మా చెల్లెలు న్యాయం తప్పని మనిషి. పెరుగన్నం తినే తోడేలు కరిస్తే పాచిక మీద రెండు అంకెలు తగ్గుతాయి అని రాసుకుంది. వాడు సరేనన్నాడు. తరువాతి వారం ఇంకొకటి కలిపాడు. బందిపోటు శనివారం ఉపవాసముంటాడు, కాబట్టి తోడేలు కూడా ఉంటుంది. ఆ రోజు ఎవరినీ కరవదు. కథలో శనివారం ఎప్పుడొస్తుందో కూడా వాడే లెక్క పెట్టుకుని గుర్తు చేసేవాడు.

నాకు ఒళ్లు మండేది. మేం దయ్యాలతో పోరాడుతుంటే ఈ తోడేలు పక్కన కూర్చుని చూసేది. నా పులి ఒక్కతే రక్తం కార్చేది. దానికి విభూతి కూడా పెట్టి యాగంటి గుడికి తోలుకోనిపోరా అని అరిచాను ఒకసారి. వాడు దాన్ని నిజంగానే ఆలోచించాడు, అదీ నా ఖర్మ.

ఒక ఆదివారం, కథలో మేం కొండ మీది వంతెన దాటుతున్నాం. అటు నుంచి ఎనిమిది మంది దొంగలు వచ్చి పడ్డారు. తోడేలు వాళ్ల మధ్యలో ఇరుక్కుపోయింది. "కరవమనురా!" అని నేను కేకలు వేస్తున్నాను. వాడు నెమ్మదిగా, "ఈ పొద్దు శనివారం" అన్నాడు.

చెల్లెలు నా వైపు తిరిగింది. "అన్నా, నీ పులి పక్కనే ఉంది. పంపిస్తే తోడేలు బతుకుతాది. పంపుతావా?"

"పంపను," అన్నాను. "శనివారం గదా. ఉపవాసముంటూనే సావనీ."

పాచిక పడింది. తోడేలు చచ్చిపోయింది.

వాడు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "అంగట్లో పనుంది," అని లేచాడు. ఆదివారం మధ్యాహ్నం వాళ్ల అంగడి మూసి ఉంటుంది. అది నాకు తెలుసని వాడికీ తెలుసు.

మూడు ఆదివారాలు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. నేను అంగడికి వెళ్లాను. వాడు త్రాసు దగ్గరి నుంచి తలెత్తి, "ఏం గావాల సార్?" అన్నాడు.

సార్! ఒకే పలక మీద ఎంగిలి పెట్టి తుడిచి రాసుకున్నవాళ్లం. వాడు నన్ను చెప్పుతో కొట్టినా అంత బాధ ఉండేది కాదు. ఏమనాలో తెలియక, అర కిలో కందిపప్పు అన్నాను. కట్టి ఇచ్చాడు. మరుసటి రోజు మళ్లీ పోయాను. మళ్లీ ఏం గావాల సార్, మళ్లీ కందిపప్పు. వారం తిరిగేసరికి మా వంటింట్లో డబ్బాలు చాలలేదు.

"పొరపాటైంది అని రెండు ముక్కలు చెప్పడానికి నీకు నోరు రాదా? ఇంగ పప్పు తెస్తే నిన్నే ఉడకేస్తా," అంది మా ఆవిడ.

నోరు రాకేం, నా నోరు ఊరందరికీ తెలుసు. కానీ ఆ రెండు ముక్కలు మాత్రం గొంతులోనే ఆగిపోయేవి. చివరికి ఒక సాయంత్రం అంగడి వెనక, బియ్యం మూటల దగ్గర వాడిని పట్టుకున్నాను. పొరపాటైంది అనే బదులు, "అది ఉట్టి ఆట గదరా!" అని అరిచాను. నా బుద్ధి అంతే.

వాడు మూట మీద కూర్చున్నాడు. గొంతు పెంచకుండా చెప్పాడు.

"ఈ సొక్కా మా నాయన తెచ్చినాడు. పెండ్లి మా అవ్వ కుదిర్చింది. పిల్లోనికి పేరు మా మేనత్త పెట్టింది. నేను డిగ్రీలో ఏం సదవల్లో మా పెదనాయన చెప్పినాడు. నా జన్మలో నాకు నేనుగా ఎంచుకునింది ఆ తోడేలొకటేరా. దాన్ని నువ్వు సంపితివి."

ముప్పై అయిదేళ్ల స్నేహం. వాడి ఇంటి సంగతులు నాకు తెలియనివేం కాదు. వాళ్ల నాయన పిలిస్తే ఆట మధ్యలో లేచిపోయేవాడు, మేం నవ్వుకునేవాళ్లం. అది నవ్వే సంగతి అనుకున్నాను ఇన్నేళ్లూ. నా మీద నాకే అసహ్యం వేసింది.

మంచి పని చేయాలని తోస్తే కూడా నేను తొందరపడే చేస్తాను. మరుసటి సెలవు రోజు పొద్దున్నే చాగలమర్రి బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగాను. అక్కడ శిల్పులు గుళ్లకు విగ్రహాలు చెక్కుతారు. రోడ్డు పక్కన పాకల్లో రాతిపొడి మధ్య సగం చెక్కిన దేవుళ్లు వరసగా నిలబడి ఉంటారు. చచ్చిన తోడేలును రాతిలో బతికించి తీసుకుపోయి వాడి చేతిలో పెడదాం అని నా ఆలోచన.

ఒక పాకలో యాభై దాటిన శిల్పి ఉన్నాడు. మూడంగుళాల తోడేలు బొమ్మ అనగానే నవ్వాడు. "మా ఉలి మొనే అంత ఉంటాది సార్. ఏ దేవుని వాహనం?"

"దేవుడు కాదన్నా. బందిపోటు."

"బందిపోటుకు తోడేలు," అని తల ఊపాడు. అలాంటి దేవుడు కూడా ఎక్కడో ఒకడు ఉండే ఉంటాడులే అన్నట్టు. "మనిషి కూడా గావాల్నా?" అన్నాడు. కావాలన్నాను. పది రోజులకు రమ్మన్నాడు.

పది రోజులకు పోయి చూస్తే నా తల తిరిగిపోయింది. పని అద్భుతం, అందులో మాట లేదు. తోడేలు వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి. కానీ ఒకే పీఠం మీద బందిపోటు నిలబడ్డాడు, తోడేలు వాడికి ఎదురుగా కాళ్లు ముడుచుకుని కూర్చుని, మెడలో గంట కట్టుకుని, భక్తిగా వాడి ముఖమే చూస్తోంది.

"ఇదేందన్నా! యుద్ధంలో తోడేలు శత్రువును సూడల్ల గానీ, యజమానిని సూస్తా కూసుంటాదా?"

"వాహనం యజమానినే సూస్తాది సార్. గుడిలో యాడన్నా నంది వాకిలి దిక్కు తిరిగి కూసోనుంటే సూసినారా?"

"దీనికి వీపు దిక్కు కత్తులు పడతాయి గదన్నా!"

"దాన్ని యజమాని సూసుకుంటాడు. వాహనం పని అది కాదు."

వంతెన మీద నేను పులిని పంపక తోడేలు ఎలా చచ్చిందో నాకు అప్పుడు గుర్తొచ్చింది. బొమ్మను తువ్వాలులో చుట్టుకుని నంద్యాలకు వచ్చేశాను.

వాడు బొమ్మను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. గంటను గోటితో ముట్టుకున్నాడు, నవ్వాడు. నా గుండె కుదుటపడింది. అంతలో అడిగాడు.

"నువ్వే పోయినావా?"

"అవ్."

"ఎట్ల ఉండల్లో నువ్వే చెప్పినావా?"

"అవ్. రెండుసార్లు పోయొచ్చినా."

"బాగుంది," అన్నాడు.

ఆ మాట నాకు తెలుసు. వాళ్ల నాయన పండక్కి గళ్ల చొక్కా తెచ్చినప్పుడు వాడు అనే "బాగుంది" అది. మళ్లీ వాడి వస్తువును నేను ఎంచుకుని వచ్చాను! ఆ అంగడి గోడకేసి తల కొట్టుకుందామనిపించింది. గల్లా దగ్గర వాళ్ల నాయన చూస్తున్నాడని ఆగాను.

"రేయ్, పొరపాటైంది," అన్నాను. ఆ రెండు ముక్కలు అంత తేలిగ్గా వస్తాయని తెలిస్తే అంత కందిపప్పు కొనేవాణ్ని కాను. "తోడేలును సంపింది పొరపాటు. ఇది నిన్ను అడగకుండా చేయించింది ఇంకా పెద్ద పొరపాటు. ఈ ఆదివారం నాతో ఆళ్లగడ్డకు రా. నీకేం గావాల్నో నువ్వే చెప్పు. నేను నోరు తెరిస్తే అడుగు."

వాడు బొమ్మను నాకు తిరిగి ఇవ్వలేదు, అరలో ఒక అట్టపెట్టె వెనక జాగ్రత్తగా పెట్టాడు. తరువాత గల్లా వైపు తిరిగి, "నాయనా, ఆదివారం ఆళ్లగడ్డకు పోతాండా," అన్నాడు.

"ఏం పని?"

"పనుంది."

పెద్దాయన కళ్లద్దాల పైనుంచి కొడుకును చూశాడు, నన్ను చూశాడు. ఇదంతా నా చేతబడే అని తేల్చుకుని మళ్లీ చీటీలలో తల దూర్చాడు.

ఆ ఆదివారం నేను పడిన యాతన ఎవరికీ రాకూడదు. పాక నిండా సింహాలు, నందులు, గరుత్మంతులు, నెమళ్లు, ఏనుగులు. వాడు ఒక్కొక్కదాని ముందర నిలబడతాడు, చుట్టూ తిరుగుతాడు, తడిమి చూస్తాడు, వెనక్కి వస్తాడు. ఒక గంట గడిచింది. సింహం బాగుందిరా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి పోయి టీ తాగి వచ్చాను. వాడు ఇంకా రెండో వరసలోనే ఉన్నాడు. మళ్లీ పోయి ఇంకో టీ తాగాను.

శిల్పికే ఓపిక చాలలేదు. "నందిని తీసుకోండి సామీ. అందురూ నందినే తీసుకుంటారు."

"నాకొద్దు," అన్నాడు వాడు. ఇంకాసేపు నిలబడ్డాడు. తరువాత, "బర్రె చేస్తారా?" అన్నాడు.

"దున్నపోతా? యముని వాహనం. చేస్తాం."

"దున్నపోతు గాదు. బర్రె. రోడ్డు మీద పండుకుంటాది సూడు, ఆ బర్రె."

శిల్పి నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. బందిపోటుకు బర్రె! పోలీసులు తరిమితే అది పరుగెత్తుతుందా? గుహలో దూరుతుందా? నా దగ్గర పది ప్రశ్నలున్నాయి. పళ్లు కరుచుకుని నిలబడ్డాను.

"ఎందుకో అడగవేంరా?" అన్నాడు వాడు, నా అవస్థ చూసి.

"ఎందుకు?" అన్నాను, వీలైనంత నెమ్మదిగా.

"మా అంగడి ముందర రోడ్డు మీద పండుకుంటాదిరా. బస్సోడు హారన్ కొడతాడు, లేయదు. లారీ వాడు దిగొచ్చి తిడతాడు, లేయదు. పోలీసాయన లాఠీతో తడతాడు, తల కూడా తిప్పదు. దానికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు లేసి పోతాది. త్రాసు కాడ నిలబడి రోజూ దాన్నే సూస్తాంటా." కొంచెం ఆగాడు. "తోడేలుకు పెరుగన్నం పెట్టేటప్పుడు దానికి ఇష్టం లేదని నాకూ తెలుసురా. దీనికి గడ్డి పెడితే సాలు, ఎవురికీ బాధ ఉండదు."

నేను శిల్పికి సుద్దముక్క అందించాను.

శిల్పి సుద్దముక్క తీసుకుని నల్లరాతి మీద చకచకా బర్రెను గీశాడు. చక్కగా నిలబడింది, నాలుగు కాళ్లూ సమంగా, కొమ్ములు అందంగా, మెడలో గంటతో సహా. గీసి, చేతులు దులుపుకుని, ఎట్లుంది అన్నట్టు చూశాడు. మా వాడు వంగి చూశాడు. బాగుంది అంటాడని నేను ఊపిరి బిగబట్టాను.

"అట్ల గాదన్నా," అన్నాడు వాడు. "పండుకోవల్ల. గంట వద్దు."

ఒకటో తరగతి నుంచి వాడి పక్కన కూర్చున్నాను. వాడు ఒక మనిషి ముఖం మీద "అట్ల గాదు" అనడం నేను వినలేదు, ఆ రోజు దాకా. శిల్పి తడిగుడ్డ తీసుకుని రాయి తుడిచి, మళ్లీ మొదటి నుంచి గీయడం మొదలుపెట్టాడు.